చేపల బజారులో గొంతు

భీమిలి నుంచి విజయవాడకు కోడలిగా వచ్చిన పైడమ్మకు, కూతురు పుట్టిన రోజే అత్త రాజ్యలక్ష్మి ఆంక్ష పెట్టింది. "పిల్ల ముందు నోరెత్తకు. నీ యాస అంటుకుంటే నలుగురూ నవ్వుతారు." మొగుడు తలదించుకున్నాడు. అప్పటికే ఊళ్లో పిల్లలంతా మాటలు నేర్చేది, పెట్టుకుంటే బొమ్మల లోకం కనిపించే ఆట కళ్లద్దాల్లోనే. మేధ కూడా అవి పెట్టుకుని, లేని వీధుల్లో తిరుగుతూ, లేని మనుషులతో కబుర్లాడుతూ తెలుగు నేర్చింది. ఒకరోజు పక్కింటి పాపతో, "మా అమ్మకు మాటలు రావు" అంది.

అది విని పైడమ్మ ఏడవలేదు. ఆ ఆట తయారుచేసే కంపెనీకి వెళ్లి, ఆటలో కొత్తగా కడుతున్న చేపల బజారులో చేపలమ్మకు గొంతు ఇస్తానంది. కూతురితో అనలేకపోయిన మాటలన్నీ, ముద్దులూ తిట్లూ కూడా, కసిగా ఆ చేపలమ్మ నోట పెట్టింది. మేధ మిగతా వీధులు మానేసి ఆ బజారులోనే కూర్చోసాగింది.

ఒక ఆదివారం రాజ్యలక్ష్మి చుట్టాలను పిలిచి, "మా మనవరాలి తెలుగు వినండి" అని మురిసిపోయింది.

"ఏటి సెప్పాల నాన్నమ్మా? బేగి సెప్పు, నాను ఆడుకోవాల" అంది మేధ.

చుట్టాలు పగలబడి నవ్వారు. రాజ్యలక్ష్మి మొహం మాడిపోయింది. "ఎవరు నేర్పారే నీకిది?"

పైడమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నానే నేర్పినాను అత్తమ్మా."

ఆ చేపలమ్మ గొంతు వినగానే మేధ అదిరిపడి చూసింది. పరుగున వెళ్లి తల్లిని చుట్టేసుకుంది. "నాన్నమ్మా, అమ్మకి మాటలొచ్చినాయి!"

పైడమ్మ కూతుర్ని ఎత్తుకుని అత్త కళ్లలోకి చూసింది.

"ఇంకెవులు ఆపినా ఆగవు" అంది.