పక్కనే ఉన్నాను

"రిపోర్టు చెప్పేటప్పుడు నా పక్కనుండండి. నాకింకేమీ వద్దు."

ముందురోజు భార్య ఆ మాటే పదేపదే అడిగింది. కడుపులోంచి గడ్డ తీశారు. అదెలాంటి గడ్డో ఈ ఉదయం డాక్టరు చెబుతాడు. పాపం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంది.

ఫర్నిచర్ షాపు నడిపే మొగుడుగారు తల దించుకునే వార్డులోకి వచ్చాడు. వినయం అనుకునేరు, చేతిలో ఫోనుంది. గుమ్మం దగ్గర నర్సు ఏదో చెబితే "ఊఁ" అన్నాడు. ఇంట్లోనూ అన్నింటికీ అదే జవాబు. ఆ ఊఁకి ఏదో అర్థం ఉందనుకుని భార్య చాలాకాలం మోసపోయింది.

కిటికీ పక్క మంచం దగ్గరికి స్టూలు లాక్కుని కూలబడ్డాడు. మంచం మీద మనిషి కదిలింది.

"ఏమండీ, ఒక్కమాట..."

ఆగమని అరచెయ్యి చూపించాడు. ఏమంత రాచకార్యమని? బడి స్నేహితుల గ్రూపులో ఎవడో ఇతగాడి బట్టతల మీద జోకు వేశాడు. వాడి నోరు మూయించేదాకా లోకం ఆగాలి. మధ్యలో ఫోను మోగితే పేరైనా చూడకుండా కట్ చేశాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేశాడు.

ఆవిడ ఇంకోసారి నోరు తెరిచింది. ఈసారి కసురుకున్నాడు. "వచ్చాను కదా, పక్కనే ఉన్నాను కదా, ఇంకేం కావాలి?"

ఆవిడ బిత్తరపోయి గోడవైపు తిరిగింది. అదీ ఇతను చూడలేదు.

ఇంతలో గ్రూపులో ఎవరో ఆపరేషన్ సంగతి అడిగారు. అప్పుడు పొంగుకొచ్చింది ఈ ఘనుడికి ప్రేమ. సూది గుచ్చి ఉన్న ఆ చేతిని పట్టుకున్నాడు. ఆవిడ వెనక్కి లాక్కునేలోపే ఫోటో తీసేశాడు. 'ఎన్ని కష్టాలొచ్చినా నా ఇల్లాలి చెయ్యి వదలను' అని రాసి, ఊరందరికీ కనపడేలా పెట్టాడు.

మెచ్చుకోళ్ళు కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. నీలాంటి మొగుడు దొరకడం అదృష్టమని చిన్నమ్మ రాసింది. బట్టతల జోకు వేసినవాడు కూడా కన్నీళ్ళ బొమ్మ పెట్టాడు. సిగ్గూ ఎగ్గూ లేకుండా ఒక్కొక్కరికీ దండాలు పంపుతూ కిందికి జరుపుకుంటూ పోయాడు. అన్నింటికంటే కింద భార్య కామెంటుంది.

"పొద్దున్నే నన్ను పై అంతస్తుకి మార్చారు, రిపోర్టు ఒక్కదాన్నే విన్నాను, ఇంతకీ ఆ చెయ్యి ఎవరిదండీ?"