గడువు దాటిన చుక్కలు

“పాత సీసా ఈడ పెడితేనే కొత్తవి చేసేది, అక్కా” అన్నాడు స్టీఫెన్.

వందన చేతిలోని ఐసు ఫ్లాస్కును ఇంకా దగ్గరకు పొదువుకుంది. నంద్యాల కంటి ఆసుపత్రిలో చుక్కల మందు తయారుచేసే గది అది. స్టీఫెన్ కిటికీకి అవతల ఉన్నాడు. ఇవతల ఆమె వెనక వరస పెరుగుతోంది.

“ఈయను.”

“ఈయవా? గడువు దాటి శానా దినాలైందక్కా. కంట్లో పోసుకుంటే చీము పడతాది.”

“పోసుకోను.”

“పోసుకోవు, పారెయ్యవు. మరేం జేస్తావ్, ఊరగాయ పెడతావా?”

వరసలో నలుగురు నవ్వారు. వందనకు నవ్వు వినిపించింది గాని, మొహాలు మసకగా కదిలాయి. కళ్ళద్దాలు వద్దనుకుని లేజర్ ఆపరేషన్ చేయించుకున్నప్పటి నుంచి ఆమె కళ్ళలో తడి నిలవడం లేదు. రెప్ప మూస్తే మంట, తెరిస్తే మంట. ఎన్ని మందులు మార్చినా తగ్గని ఆ మంట, మనిషి రక్తంలోంచి తీసిన తేటతో చేసే ఈ చుక్కలకే కాస్త లొంగింది. ఆమె ఒంట్లో రక్తం తక్కువని అప్పట్లో వేరేవాళ్ళ రక్తం తీసుకున్నారు. ఆ సీసాల్లో ఫ్లాస్కులోని ఇదొక్కటే మిగిలింది.

లోపల డాక్టరమ్మ ఇందాకే కోప్పడింది. “నల్లగుడ్డు మీద పుండు పడింది. మందు ఇంట్లో పెట్టుకుని ఎందుకు వేసుకోలేదు?”

“అయిపోతాదని, మేడం.”

“అయిపోతే మళ్ళీ చేసిస్తాం కదమ్మా! ఇంకా ఆలస్యం చేస్తే చూపు పోతుంది.”

స్టీఫెన్ కొత్త సీసాలు వరసగా పేర్చుకుంటూ అడిగాడు. “పోయినసారి నెత్తురిచ్చినోళ్ళనే పిల్చుకోని రాకపోయినావా? అది నీ కండ్లకు బాగా పడినట్లుండాది.”

“రారు.”

“కొట్లాడినారా ఏందీ?”

“లేదు.”

“మల్ల? ఫోన్ కొట్టు. మీ ఆళ్ళగడ్డ నుంచి ఎంతసేపు, బస్సెక్కితే వచ్చేస్తారు.”

వందన ఫ్లాస్కు మూత మీద అరచెయ్యి పెట్టింది. పక్కనే ఉన్న ఆమె భర్త ప్రదీప్ ముందుకు జరిగాడు. శిరివెళ్ల దాటిన కాడి నుంచి ఆమె కళ్ళు తెరవలేక అతని చెయ్యి పట్టుకునే వచ్చింది. ఇప్పుడా చేతినే, చొక్కా పైకి మడిచి, కిటికీలోకి చాచాడు.

“నాది తీసుకోప్పా. అన్ని పరీక్షలూ అయినాయి. సరిపోతాదన్నారు.”

“చూడక్కా, అన్న ఎంత మంచోడో! ఈయన నెత్తురేమన్నా చేదా?”

ఆ చేతిలో ఏ లోపమూ లేదని వందనకు తెలుసు. రాత్రిళ్ళు తన రెప్పల మీద తడిగుడ్డ వేసి కూర్చునే చెయ్యి అది. అయినా కొత్త సీసాల గలగల వింటుంటే ఆమె ఒళ్ళు ముడుచుకుపోయింది. ప్రదీప్ చేతిని మెల్లగా కిటికీలోంచి వెనక్కి లాగింది.

“ఇచ్చెయ్, వందనా” అన్నాడతను గొంతు తగ్గించి. “కండ్లు పోగొట్టుకుంటావా?”

“పోనీ.”

“బేగా తేల్చండమ్మా! మేమేమన్నా పెండ్లికొచ్చినామా ఈడికి?” వెనకనుంచి ఒక ముసలామె అరిచింది.

స్టీఫెన్ ఓపిక అయిపోయింది. కిటికీలోంచి చెయ్యి చాచి ఫ్లాస్కు మూత లాగాడు. ఐసు దారిలోనే కరిగిపోయింది. నీళ్ళలో తేలుతున్న సీసాను అతను అందుకునేలోపే వందన తీసేసుకుంది. మూత తిప్పి, తల వెనక్కి వాల్చి, ఉన్నదంతా రెండు కళ్ళలోనూ ఒంపేసుకుంది.

“అయ్యో! ఏం పనక్కా ఇది? చీము పడతాదని ఇప్పుడే చెప్తి కదా!”

కళ్ళలో పట్టని తేట చెంపల మీదుగా గదవ దాకా కారింది. వరసలో ఎవరూ నవ్వలేదు. స్టీఫెన్ గాబరాగా దూది పట్టుకుని గదిలోంచి బయటికి పరిగెత్తుకొచ్చి, తుడవబోయాడు. వందన కళ్ళు మూసుకునే అతని చెయ్యి పట్టుకుంది.

“తుడవద్దన్నా. మా అమ్మ నెత్తురది. ఆమెను మట్టిలో పెట్టిననాడు నా కంట్లో ఒక్క చుక్క రాలే, ఇప్పుడన్నా కారనీ.”