లోపల్నుంచి తాళం

ప్రతి గురువారం మధ్యాహ్నం ఒక గంట ఇక నాదేనని ఆస్పత్రి సూపరింటెండెంటు గారు నా గది తాళంచెవి చేతిలో పెట్టారు. "లోపల్నుంచి తాళం వేసుకుని పరిశోధన చేసుకో తల్లీ. ఎవరొచ్చినా తీయకు."

నేను స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతంతో మాట పోయినవాళ్లకు మొదట ఏ మాట తిరిగొస్తుందన్నది నా పరిశోధన. ఆ గంట కోసం ఏడాదిపాటు ఆయన చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను.

తాళం వేసి కూర్చున్నానో లేదో, బయట నర్సక్క గొంతు.

"ఈ గంట ఖాళీయే కదమ్మా, తాతగారిని కాస్త చూడు."

నేను కాగితాల్లోకి తల దించుకున్నాను.

"కొడుతూ ఉండండి తాతగారూ, ఆ అమ్మాయే తీస్తుంది," అనేసి ఆమె వెళ్లిపోయింది.

నెలల తరబడి ఒక్క మాటా పలకని మనిషి ఆయన. కొడుతూనే ఉన్నారు. నేను చెవులు మూసుకున్నాను. అయినా వినిపించింది, బొంగురుగా, ముక్కలు ముక్కలుగా.

"త... లు... పు."

తాళం తీసి ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

సంగతి తెలిసి సూపరింటెండెంటు గారు పరుగున వచ్చారు.

"భేష్. చూశావా, పేషెంట్లను చూస్తుంటే పరిశోధన దానంతటదే అయిపోతోంది. ఇంక విడిగా గంటెందుకు, చెప్పు?"

చెయ్యి చాపారు. తాళంచెవి ఇచ్చేశాను. వెళ్తూ ఆయన తలుపు బార్లా తీసిపెట్టారు. బయట బెంచీ నిండా జనం.

తాతగారు నన్నే చూస్తూ, తనకున్న ఆ ఒక్క మాటా మళ్లీ అన్నారు.

"తలుపు."

"తెరిచే ఉంది తాతగారూ," అన్నాను. "ఇంక మూయనివ్వరు."