ఇనుప గోళ్ళు

"చెయ్యి తియ్యి పెద్దాయనా. చేత్తో ముట్టుకున్నావంటే ఫోటో లేదు, గీటో లేదు."

పత్రికాఫీసు నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ మన్సూర్ అలా కసిరేసరికి, తోలెబాయ్ పళ్ళెం వైపు చాచిన చేతిని చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆరుబయట బల్ల, బల్ల మీద ఎర్రగుడ్డ, దాని మీద పింగాణీ పళ్ళెం, పళ్ళెం నిండా మాంసం. ఆ పళ్ళేన్ని మన్సూర్ జిల్లా కేంద్రం నుంచి బండిలో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఊరి చైర్మన్ సేతెన్ సాయం పట్టబోతే పట్టనివ్వలేదు.

అది పంతొమ్మిది వందల ముప్పై రెండో సంవత్సరం. కజక్ పల్లెలు నాగరికత నేర్చుకుని ఫోర్కుతో భోంచేస్తున్నాయని పత్రికలో బొమ్మ పడాలట. ఫోర్కు సంగతి సరే, భోజనం ఉందా అని అడిగిన నాథుడు లేడు. మందల్ని సర్కారువాళ్ళు తోలుకుపోయాక ఆ ఊళ్ళో మాంసం ఉడికిన పొయ్యి లేదు. నిన్న తోలెబాయ్ ఇంట్లో ఉడికింది గుర్రపు జీను తోలు.

అక్సకాల్, అంటే తెల్లగడ్డపు ఊరి పెద్ద, గడ్డం నిండుగా ఉందని ఫోటోకి అతన్ని ఎంచారు. వెనక కంబళి గుడారంలో అతని మనవరాలు కంషత్ లేవలేక పడుకుని ఉంది. ఒక్క ముక్క ఆ పిల్ల కడుపులో పడాలి, తోలెబాయ్‌కి కావలసింది అంతే. చేత్తో తింటే ముక్కని చొక్కా చేతిలోకి జార్చెయ్యడం ఎంతసేపు. ఈ ఫోర్కుతో అయితే అందరి కళ్ళూ ముక్క మీదే ఉంటాయి. అందుకని రుచి పేరు చెప్పి పేచీ పెట్టుకున్నాడు.

"ఈ ఇనుప గోళ్ళతో తింటే రుచేం తెలుస్తుంది బాబూ? వేడెంతో, మెత్తదనమెంతో ముందు వేళ్ళకి తెలియాలి. వేళ్ళు చెప్పాకే నాలుక్కి తెలిసేది."

"పట్నంలో అందరం వీటితోనే తింటున్నాం. మా నాలుకలేం ఊడిపడలేదు."

"ఊడిపోతే మాత్రం మీకు తెలుస్తుందా ఏమిటి?"

సేతెన్ నవ్వబోయి, పళ్ళెం కళ్ళబడి గుటక మింగాడు. చైర్మన్ అన్నమాటే గాని అతని బుగ్గలూ లోపలికే పోయాయి.

"పోనీ మా పద్ధతిలో తియ్యి ఫోటో," అన్నాడు తోలెబాయ్. "పెద్దవాడు తన చేత్తో తీసి పిల్ల నోట్లో పెట్టడం మా ఆచారం. మనవరాల్ని ఎత్తుకొస్తాను. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది."

"ఆ ఆచారం మానిపించడానికే కదా ఇంత దూరం వచ్చింది."

"దీనికి వాసన కూడా లేదు. చూశావా, ఇనుము తగిలేసరికి వాసన సైతం చచ్చింది."

"చల్లారిపోయింది, అంతే," అని మన్సూర్ కెమెరా మీది నల్లగుడ్డ కిందికి తల దూర్చాడు.

గుడారంలోంచి నీరసంగా పిలుపు వినిపించింది. "తాతా, వచ్చిందా?"

"వస్తోంది తల్లీ. నిద్రపోకు," అని కేకేసి తోలెబాయ్ సేతెన్ వైపు తిరిగాడు. "బొమ్మ తీశాక ఒక్క ముక్క నాదేనా?"

"నీదే అక్సకాల్, నీదే. అంతేగా మన్సూర్?"

"ముందు ఫోటో కానివ్వండి," అన్నాడు మన్సూర్ గుడ్డ కిందినుంచే.

తరవాత బయటికొచ్చి, ముందే ముక్క గుచ్చి ఉంచిన ఫోర్కుని తనే తెచ్చి ముసలాయన పిడికిట్లో పెట్టాడు. "నోటి దాకా తెచ్చి ఆపు. కొరక్కు. కొంచెం నవ్వు."

తోలెబాయ్ నవ్వాడు. కెమెరా టక్కుమంది. ఆ మరుక్షణమే ముక్కని నోట్లోకి లాక్కుని, ఫోర్కు బల్ల మీద పారేసి లేచాడు.

"కొరకొద్దన్నానా," అన్నాడు మన్సూర్ కంగారుగా.

"పోనీవయ్యా. ఒక్క ముక్కే కదా," అన్నాడు సేతెన్.

నాలుగడుగులు వేసిన తోలెబాయ్ గుడారం పక్కన ఆగాడు. వెనక్కి తిరిగి మన్సూర్ ముఖంలోకి చాలాసేపు చూశాడు. మన్సూర్ తల దించుకుని పళ్ళెం మీద గుడ్డ కప్పేశాడు. ముసలాయన చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, ఆ పిడికిలి బిగించి లోపలికి వెళ్ళాడు.

కంషత్ అప్పటికే నోరు తెరిచి ఉంది.

అతను పక్కనే కూలబడ్డాడు. "తినేశానమ్మా."

"అంతానా?"

"అంతా. ఆకలికి ఆగలేకపోయాను."

ఏడవడానికి ఆ పిల్ల ఒంట్లో ఓపిక లేదు. నోరు మూసుకుంది. కాసేపటికి, "బాగుందా?" అంది.

"ఎక్కడ బాగుంటుంది? ఇనుముతో తింటే రుచే ఉండదని ముందే చెప్పానుగా. నువ్వు తినకపోవడమే మంచిదయింది."

కంషత్ చెయ్యి చాచి, అతని గడ్డానికి అంటిన గోధుమరంగు మరకని వేలితో తుడిచి నోట్లో పెట్టుకోబోయింది. తోలెబాయ్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అది కూడా పెట్టవా తాతా?" అని ఆ పిల్ల అటు తిరిగి పడుకుంది.

తోలెబాయ్ ఆ వేలిని తన చొక్కాతో శుభ్రంగా తుడిచాడు. తరవాత రెండో చేతి పిడికిలి విప్పి, మాంసంలా కనబడేందుకు రంగు పూసిన సుద్దముద్దని చప్పుడు కాకుండా పొయ్యి బూడిదలో పూడ్చిపెట్టాడు.