కూర్చోనివ్వని కొట్టు

ఆ రోజు ఇంట్లో అమ్మ, అన్న, వదిన, వదిన ఒళ్లో పాప, ఆమె ఉన్నారు. నాన్న పొద్దున్నే బయల్దేరి వెళ్లిపోయాడు. నాలుగు రోజులుగా ఆయన ఆమెతో మాట్లాడటం లేదు.

ఆమె జడ వేసుకుంటుంటే అన్న గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏం, లాయరమ్మగారు బయల్దేరారా?"

వదిన నవ్వబోయి ఆగిపోయింది.

అమ్మ మాత్రం సూటిగానే అడిగింది. ఆ బట్టల కొట్టు వల్లే ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతోందట. అన్న పనిచేసేదీ అక్కడే, ఆమె పనిచేసేదీ అక్కడే. కొట్టు పేరు పాడైతే అందరూ రోడ్డున పడాల్సిందేనట. మిగతా నలుగురు అమ్మాయిలూ బుద్ధిగా సంతకాలు పెట్టారు కదా, నీకొక్కదానికే ఎందుకీ పట్టుదల అంది.

ఆ నలుగురూ సంతకం పెట్టింది అబద్ధం మీద. పొడుగక్క ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చునేదని రాసిచ్చారు.

నిచ్చెన లేకుండా పై అర అందుకుంటుందని కొట్లో ఆవిడకు ఆ పేరు. అప్పటికి ఆవిడకు ఏడో నెల కడుపు. పొద్దుట్నుంచీ నిలబడి తానులు దించుతూ, విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ, మధ్యాహ్నానికి కళ్లు తిరిగి పడిపోయింది. బిడ్డ దక్కలేదు. నెల తిరక్కముందే పనిలోంచి తీసేశారు.

"వెళ్తే వెళ్లు," అంది అమ్మ. "తర్వాత మీ నాన్నకు నేను సర్దిచెప్పలేను. ఈ ఇల్లు నీది కాదనుకో."

ఆమె చెప్పులు వేసుకుంది.

కార్మిక శాఖ ఆఫీసులో విచారణ గది చిన్నది. యజమాని ముందు వరుసలో కూర్చున్నాడు, సంతకాలు పెట్టిన నలుగురూ వెనక వరుసలో. ఆమె ఆయన వైపు చూడలేదు. నలుగురిలో మాట పెగలని పిల్ల. మొదటి మాటకే అధికారి రెండుసార్లు "గట్టిగా" అనాల్సి వచ్చింది.

బిల్లులు రాసే బల్ల దగ్గర్నుంచి చూసింది చూసినట్టు చెప్పింది. కాసేపు కూర్చుంటానని పొడుగక్క మూడుసార్లు అడిగింది. కొట్టు నిద్రపోతున్నట్టు కనిపిస్తుందని యజమాని మూడుసార్లూ వద్దన్నాడు.

"ఆయన మీద నీకేమైనా కోపం ఉందా?" అడిగాడు అధికారి.

"లేదండీ. అస్సలు లేదండీ."

సాయంత్రానికి తేల్చేశారు. తప్పు యజమానిదే. నష్టపరిహారం ఇవ్వాలి. పొడుగక్కను తిరిగి పనిలో పెట్టుకోవాలి. కొట్లో ప్రతి బల్ల వెనకా ఒక స్టూలు ఉండాలి.

వరండాలో ఆమె పొడుగక్క దగ్గరికి వెళ్లింది. చెయ్యి పట్టుకుందామనుకుంది. పొడుగక్క తమ్ముడు మధ్యలోకి వచ్చాడు.

"ఈ నోరు ఆ రోజే లేచి ఉంటే మా అక్కకు ఈ గతి పట్టేదా?"

పొడుగక్క రెయిలింగు పట్టుకుని మెట్లు దిగిపోయింది.

బస్సులో సంతకాలు పెట్టిన నలుగురూ ఇద్దరిద్దరుగా సర్దుకున్నారు. ఆమె పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది.

ఇంటికి వచ్చేసరికి లైట్లు వేసేశారు. లోపల పాప కేరింతలు కొడుతోంది. ఆమె పమిట చెంగుతో ముఖం తుడుచుకుని తలుపు తట్టింది.

తలుపు తీసిన నాన్న, "నా కొట్టు గురించి చెప్పాల్సిందంతా అక్కడ చెప్పేశావుగా, ఇక నా ఇంట్లో నీకేం పనమ్మా," అని మెల్లగా అని, తలుపు వేసేశాడు.