జలపాతం దగ్గర పెళ్లిచూపులు

"ఆలస్యమైపోయింది ఆంటీ. దారంతా బురద. ఏమీ అనుకోకండి."

అంది కరిస్సా రొప్పుతూ. పొయ్యి దగ్గరున్న లావుపాటి ఆవిడ ఆమెని ఎగాదిగా చూసి గరిటె చేతిలో పెట్టింది.

"బాతు ఉడకందే ఆలస్యమేంటమ్మా? కాస్త కలుపుతూ ఉండు. మా వాళ్లకి తినడం ఒక్కటే వచ్చు."

అమ్మయ్య అనుకుంది కరిస్సా. రెండేళ్ల ప్రేమ ఇవాళ్టితో అటో ఇటో తేలిపోవాలి. నావిన్ వాళ్లమ్మని తనింతవరకూ చూడలేదు గానీ, ఆవిడ ఇప్పటికే ఇద్దరమ్మాయిల్ని వద్దనేసింది. ఒకర్తె మరీ నాజూకట. ఇంకొకర్తె తిండి కెలుకుతుందట. "సెలవు కదా, మా వాళ్లంతా అడవిలో జలపాతం దగ్గరుంటారు. నేను డ్యూటీ దిగి వచ్చేస్తా. ఈలోగా నువ్వు వెళ్లి అమ్మని బుట్టలో వేసుకో" అని చల్లగా చెప్పాడు మహానుభావుడు. ట్రినిడాడ్ జనానికి సెలవంటే అంతే మరి. ఇనప కుండ, ఓ బాతు, పిల్లాజెల్లా, ఛలో నీళ్ల దగ్గరికి.

"ఉప్పు చూడు" అంది ఆంటీ.

కరిస్సా చూసింది. చెప్పాలా వద్దా? "కొంచెం తగ్గింది ఆంటీ."

ఆంటీ గిర్రున చాప మీదున్న మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? పొద్దుట్నుంచి బాగుంది బాగుంది అని నా ప్రాణం తీశావు."

"నీతో నిజం చెప్పి నేను బతకొద్దూ?" అన్నాడాయన కళ్లు తెరవకుండానే.

ఈలోగా పిల్లలు కరిస్సాని మడుగులోకి లాక్కుపోయారు. ఎవరిదో చంటిది చంకెక్కింది. ఇంకొకడు మెడకి వేలాడాడు. గట్టు మీంచి ఆంటీ కూతురు మొదలెట్టింది.

"మాతో కూర తినాలంటే ఆ బండ మీంచి దూకాల్సిందే. పోనీలే పాపం, పట్నం పిల్లలా ఉంది. జలుబు చేస్తుందేమో."

కరిస్సాకి రోషం పొడుచుకొచ్చింది. చంటిదాన్ని ఆ కూతురి ఒళ్లో కుదేసి, జలపాతం పక్క బండెక్కింది. పైనుంచి చూస్తే మడుగు పళ్లెమంత ఉంది. నావిన్‌ని మనసులో నాలుగు తిట్టి, కళ్లు మూసుకుని దూకేసింది.

ముక్కులోకి నీళ్లు పోయాయి. చెప్పు ఒకటి ఎటో కొట్టుకుపోయింది. తేలేసరికి గట్టంతా ఈలలు, చప్పట్లు. ఆంటీ అయితే గరిటెతో కుండ మూత వాయించేస్తోంది.

ఒడ్డుకి రాగానే ఆవిడే తువ్వాలు కప్పి, తల తుడిచి, పక్కన కూర్చోబెట్టుకుంది. రొట్టె తుంచి, బాతు ముక్క చుట్టి, తన చేత్తో నోట్లో పెట్టింది.

"నీలాంటి కోడలుంటే నాకింకేం లోటమ్మా" అంది అందరికీ వినపడేలా.

కరిస్సా కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం అని సర్దిచెప్పింది. ఇంత తేలిగ్గా అయిపోతుందనుకోలేదు. మళ్లీ బండెక్కి దూకాలన్నంత సంబరంగా ఉంది. సిగ్గుపడుతూ అడిగింది.

"నావిన్‌కి కూడా కాస్త కూర ఉంచండి ఆంటీ. వస్తూ ఉంటాడు."

"ఉంచకేం తల్లీ" అంటూ ఆంటీ ఇంకో ముద్ద ఆమె నోట్లో పెట్టి, "ఇంతకీ నావిన్ అంటే ఎవరు?" అని అడిగింది.