అవతలి గట్టు నార

వాగుకు ఇవతలి గట్టున ఒక గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో తనను మించినవాడు లేడని వాడి ధీమా. ఆడపిట్టలు మాత్రం గూళ్లు చూసుకోవడానికి అవతలి గట్టు గిజిగాళ్ల దగ్గరికే ఎగిరిపోయేవి. వాడికి ఒళ్లు మండి, ఆ అడవికి దొర అయిన ఎలుగుబంటి దగ్గర మొరపెట్టుకున్నాడు.

"అవతలివాళ్ల పొగరు అణచాలి దొరా!"

"అదెంత పని? ఇకనుంచి వాగు దాటి ఏది వచ్చినా సగం నాకు సుంకం. దెబ్బకు దిగొస్తారు," అన్నాడు దొర.

గిజిగాడు ఆ సంగతి కొమ్మకొమ్మకూ వెళ్లి చాటి వచ్చాడు.

మర్నాడు కాకి ఎప్పటిలాగే అవతలి గట్టు నుంచి ఈతాకు నార తెచ్చింది. ఇవతల ఈతచెట్టన్నదే లేదు. వాడు గూడు అల్లేది ఆ నారతోనే. తీరా చూస్తే సగమే ఉంది.

"మిగతాది ఏదీ?"

"సుంకం కింద దొర పట్టుకున్నాడు. నాకిచ్చే గింజలు మాత్రం తగ్గించకు నాయనా, మోసిన రెక్కలు నావి."

ఉన్న నారతోనే అల్లితే గూడంతా చిల్లులు పడింది. చూడవచ్చిన ఆడపిట్ట లోపల తలపెట్టి, "ఇందులో గుడ్డు పెడితే వాగులోనే తేలుతుంది," అని అవతలి గట్టుకు ఎగిరిపోయింది.

గిజిగాడు మళ్లీ దొర దగ్గరికి పరుగెత్తాడు. దొర మెత్తటి నార పరుపు మీద పొర్లుతున్నాడు.

"ఇంకా అంత పొగరా వాళ్లకి? రేపటి నుంచి ముప్పాతిక నాకే!"

గిజిగాడి కళ్లు ఆనందంతో చెమర్చాయి. చిల్లుల గూట్లోకి వచ్చి కూర్చుని, నెత్తిమీద వాన కారుతుంటే, గొంతు చించుకుని అరిచాడు:

"అవతలివాళ్ల పని అయిపోయింది!"